హాల్లో వింబుల్డన్, వంటింట్లో మీరు

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. సికింద్రాబాద్ పద్మారావునగర్‌లో ఉంటాం. మామయ్యకు 74. రైల్వేలో సెక్షన్ కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యారు. ఏడాదంతా ఆయనతో ఏ ఇబ్బందీ ఉండదు. వింబుల్డన్ టెన్నిస్ పోటీలు వచ్చాయంటే మాత్రం మధ్యాహ్నం మూడున్నరకు హాల్లో టీవీ ముందు కూర్చుని, అర్ధరాత్రి ఒంటిగంటకో రెండింటికో లేస్తారు. రెండు వారాలూ ఇదే. సౌండ్ వీధిలోకి వినిపిస్తుంది. మా అమ్మాయి పదో తరగతి. తన గదికీ హాలుకీ మధ్య ఒక్క గోడే. అత్తమ్మ సీరియల్ కోసం పక్కింటికి వెళ్లి కూర్చుంటున్నారు. పోయినేడు బోనాల నాడు ఇంటినిండా చుట్టాలున్నా టీవీ ఆగలేదు. మా ఆయన "రెండు వారాలే కదా, ఓపిక పట్టు" అంటారు. ఇంకో సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకూ టెన్నిస్ అంటే ప్రాణం. 2005 ఫిబ్రవరిలో సానియా మీర్జా మన హైదరాబాద్‌లోనే టైటిల్ గెలిచిన రోజు మా నాన్నతో కలిసి స్టాండ్స్‌లో కూర్చుని చూశాను. నాన్న పోయి ఆరేళ్లు. ఇప్పుడు హాల్లోంచి ఆ బంతి చప్పుడు వింటే పరిగెత్తుకెళ్లి చూడాలనిపిస్తుంది, అంతలోనే రిమోట్ తీసి విసిరికొట్టాలనిపిస్తుంది. పది రోజుల్లో మళ్లీ మొదలు. నాలో ఏమైనా లోపం ఉందా? ఏం చేయమంటారు?

జవాబు: మీలో లోపం లేదమ్మా. మీ ఉత్తరంలో మామయ్య ఎక్కడ కూర్చుంటారో ఉంది, అమ్మాయి ఏ గోడకు అవతల చదువుతుందో ఉంది, అత్తమ్మ ఎవరింటికి వెళ్తున్నారో ఉంది. ఆ రెండు వారాలూ మీరు ఎక్కడ ఉంటారో ఒక్క ముక్క కూడా రాయలేదు. వంటింట్లో నిలబడి ఉంటారని నా ఊహ. ప్రాణమంత ఇష్టమైన ఆట పది అడుగుల దూరంలో నడుస్తుంటే, దాని చప్పుడు మాత్రమే మీకు దక్కుతోంది. కోపం రాక ఏం చేస్తుంది? సౌండ్ తగ్గినా, సీరియల్ గొడవ తీరినా, మీ వాటా మీకు దక్కనంత కాలం ఆ చప్పుడు మీకు ములుకులాగే తగులుతుంది. అందుకే మిగతావన్నీ చెప్పాక మళ్లీ అక్కడికే వస్తాను.

ముందు ఈ ప్రసారం సంగతి కొంచెం తెలుసుకోండి, మామయ్య మీద కోపం సగం తగ్గుతుంది. సినిమాకు శుభం కార్డు ఉంటుంది, వన్డేకు యాభయ్యో ఓవర్ ఉంటుంది. వింబుల్డన్ ప్రసారానికి అలాంటి ముగింపు లేదు. సింగిల్స్‌లో మగవాళ్లు 128 మంది, ఆడవాళ్లు 128 మంది. అంటే ఒక్క మొదటి రౌండ్‌లోనే 128 మ్యాచ్‌లు. అవన్నీ దాదాపు రెండు రోజుల్లో, 18 కోర్టుల మీద నడుస్తాయి. ఒకటి అయిపోగానే కెమెరా ఇంకో కోర్టుకు పోతుంది. ఒకప్పుడు వానొస్తే ఆట ఆగేది, చూసేవాళ్లూ లేచేవాళ్లు. సెంటర్ కోర్టుకు 2009లో, ఒకటో నంబరు కోర్టుకు 2019లో మూసుకునే పైకప్పు వచ్చాక ఆ విరామమూ పోయింది. దానికి తోడు పాయింటుకూ పాయింటుకూ మధ్య 25 సెకన్ల దాకా వ్యవధి ఉంటుంది, కోర్టు మారేటప్పుడు 90 సెకన్లు. ఆ ఖాళీలో రీప్లేలు, మొహాలు, ప్రకటనలు. "ఈ ఒక్క పాయింటు" అనుకుంటూ కూర్చున్న మనిషి మూడు గంటలు కూర్చుంటాడు. ఆగే చోటు ప్రసారంలో లేదు కాబట్టి అది మీ ఇంట్లో మీరే పెట్టుకోవాలి.

ఎక్కడ పెట్టాలి? "పదింటికి బంద్" అంటే పనిచేయదు. పదింటికి ఆట మంచి పట్టులో ఉంటుంది, అప్పుడు రిమోట్ అందుకున్నవాళ్లు విలన్ అవుతారు. "ఈ మ్యాచ్ అయ్యాక" అన్నా పనిచేయదు. 2019లో జొకోవిచ్, ఫెదరర్ ఆడిన ఫైనల్ 4 గంటల 57 నిమిషాలు సాగింది. నా సలహా సెట్‌తో, అంటే మ్యాచ్‌లో ఒక్కో భాగంతో, లెక్క పెట్టుకోమని. రాత్రి పదిన్నరకు ఏ సెట్ నడుస్తుంటే ఆ సెట్ పూర్తయ్యేదాకా చూడొచ్చు, కొత్త సెట్ మొదలుపెట్టకూడదు. సెట్ మామూలుగా ముప్పావు గంట, కాస్త అటూఇటూగా ఉంటుంది. గేములు 6–6 అయితే టై బ్రేక్ అనే చిన్న పోటీతో సెట్ తేల్చేస్తారు కాబట్టి ఎడతెగకుండా సాగదు. 2010 వింబుల్డన్‌లో ఇస్నర్, మహూ అనే ఆటగాళ్లు అయిదో సెట్‌ను 70–68 దాకా లాగారు గానీ, 2022 నుంచి వింబుల్డన్‌తో సహా నాలుగు గ్రాండ్ స్లామ్ టోర్నీలలోనూ చివరి సెట్‌కు కూడా 6–6 దగ్గర పది పాయింట్ల టై బ్రేక్ పెట్టారు. సెట్ ముగియగానే ఆటగాళ్లు రెండు నిమిషాలు కూర్చుంటారు. టీవీ కట్టేయడానికి మనసు ఒప్పుకునే చోటు అదే. మిగిలిన ఆట యాప్‌లో రీప్లే దొరికితే పొద్దున ఆయన తీరిగ్గా చూసుకోవచ్చు. ఆయన చూసేదాకా ఇంట్లో ఎవరూ స్కోరు చెప్పకూడదు, ఆయన ఫోన్‌లో స్కోరు అలర్టులు బంద్ చేసి పెట్టాలి. ఇది తప్పితే ఆ మర్నాటి నుంచి ఆయన మళ్లీ రెండింటిదాకా కూర్చుంటారు, అందులో తప్పు ఆయనది కాదు.

ఇక మధ్యాహ్నం. మనకూ లండన్‌కూ వేసవిలో నాలుగున్నర గంటల తేడా. బయటి కోర్టుల్లో ఆట మన మూడున్నరకు, ఒకటో నంబరు కోర్టులో అయిదున్నరకు, సెంటర్ కోర్టులో ఆరింటికి మొదలు. ఏ కోర్టులో ఎవరు ఎవరితో ఆడతారో ముందు రోజే ప్రకటిస్తారు, దాన్ని ఆర్డర్ ఆఫ్ ప్లే అంటారు. పొద్దున మన ఛాయ్ టైముకు అది చేతిలో ఉంటుంది. సెక్షన్ కంట్రోలర్‌గా చేసిన మనిషికి ఇంతకంటే ఇష్టమైన కాగితం ఉండదు. ఏ రైలును ముందు పంపాలి, దేన్ని లూప్ లైన్లో, అంటే పక్క పట్టాల మీద, ఆపాలి అన్నదే కదా ఆయన ఉద్యోగమంతా. ఆ జాబితా ఆయన చేతికే ఇచ్చి, రోజుకు రెండు మ్యాచ్‌లు ఆయన్నే ఎంచుకోమనండి. సాయంత్రం ఒకటి, రాత్రి ఒకటి. ఒక తెల్లకాగితం మీద మన టైముల్లో రాసి ఫ్రిజ్ మీద అంటించమనండి. అదే కాగితం మీద అత్తమ్మ సీరియల్ అరగంట కూడా రాయాలి, అదీ మొదటి వరుసలో. "సీరియల్ రేపు పొద్దున మళ్లీ వేస్తారు, మ్యాచ్ వెయ్యరు" అని మామయ్య అనొచ్చు. ఆ మాట నిజమే కావచ్చు, కానీ అత్తమ్మ తన ఇంట్లో తన సోఫాలో కూర్చోలేక పక్కింటి గడప ఎక్కడం చిన్న విషయం కాదు. ఆ అరగంట మామయ్య ఫోన్‌లో చూసుకుంటారు. రెండో టీవీ కొని ఆయన్ని పడకగదిలోకి పంపుదామని మీ ఆయన అంటే ఒప్పుకోకండి. ఇంట్లో మనుషులు తిరుగుతుంటే ఆట చూడటం ఆయనకు ఇష్టం కాబట్టే హాల్లో కూర్చుంటున్నారు. గదిలోకి పంపితే పగలూ రాత్రీ తలుపు వేసుకుని ఒంటరిగా చూస్తారు.

సౌండ్ గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, నాకు మాత్రం అదే ముఖ్యంగా కనిపిస్తోంది. వయసుతో వచ్చే చెవుడు ముందుగా సన్నటి ధ్వనులను మింగేస్తుంది. స, శ, ఫ, త లాంటివి సరిగ్గా వినపడక, మాట వినిపించినా అర్థం కాదు. అందుకని సౌండ్ పెంచుతారు. పెంచితే గోల పెరుగుతుంది గానీ మాట తేటపడదు, దాంతో ఇంకా పెంచుతారు. ఇంట్లోనే చిన్న పరీక్ష చేయండి. ఒకే కార్యక్రమానికి మీకు ఏ నంబరు దగ్గర హాయిగా ఉందో, ఆయనకు ఏ నంబరు దగ్గర ఉందో రాసుకోండి. మీకు 15, ఆయనకు 30 అని వస్తే చెవి చూపించాల్సిందే. రైల్వే పెన్షనర్‌గా వైద్య కార్డు ఉంటే లాలాగూడ రైల్వే ఆసుపత్రి మీకు దగ్గరే, లేదంటే కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. ముందు గులిమి ఉందేమో చూస్తారు, కొందరికి అది తీస్తే చాలు. లేకపోతే ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, తీస్తారు. "మీకు వినపడట్లేదు" అని కోడలు అంటే మనసు నొచ్చుకుంటుంది, ఈ పని మీ ఆయన చేయాలి. "నాన్నా, బీపీ చూపించడానికి ఎట్లాగూ వెళ్తున్నాం, చెవులు కూడా ఒకసారి చూపిద్దాం" అంటే సరిపోతుంది.

ఆలోపు హెడ్‌ఫోన్ కొనండి. చెవిలో పెట్టుకునేది వద్దు, చెవి మొత్తాన్ని కప్పేది తీసుకోండి. బ్లూటూత్‌లో ఒక చిక్కుంది. శబ్దం కాస్త ఆలస్యంగా వస్తే బంతి రాకెట్‌ను తాకాక క్షణానికి 'ఠక్' మంటుంది, టెన్నిస్ చూసేవాళ్లకు అది భరించలేని విషయం. టీవీ సౌండ్ సెట్టింగుల్లో బొమ్మకూ శబ్దానికీ జత కుదిర్చే ఏవీ సింక్ అని ఉంటే దాన్ని సరిచేయొచ్చు. అలా కుదరకపోతే స్టాండుతో వచ్చే, రేడియో తరంగాలతో పనిచేసే ఆర్ఎఫ్ వైర్‌లెస్ హెడ్‌ఫోన్ మేలు, ఆలస్యం తెలియదు, స్టాండు మీద పెడితే చార్జ్ అవుతుంది. టీవీ స్పీకర్ కూడా చిన్నగా మోగేలా పెట్టొచ్చా అని కొనేముందు అడగండి. కొన్ని టీవీల్లో హెడ్‌ఫోన్ పిన్ను పెడితే స్పీకర్ పూర్తిగా ఆగిపోతుంది, అప్పుడు పక్కన కూర్చున్నవాళ్లకు ఏమీ వినపడదు. మీరు ఆయన పక్కన కూర్చోవాలి కాబట్టి ఇది చూసుకోవడం అవసరం.

అమ్మాయి గదిలో బల్ల హాలు గోడకు ఆనుకుని ఉంటే ఎదుటి గోడ వైపు జరపండి. తలుపు కింద సందులో పాత దుప్పటి మడిచి పెట్టండి. టేబుల్ ఫ్యాన్ తిరుగుతుంటే మంచిది. ఒకే తీరున సాగే చప్పుడుకు చెవి అలవాటుపడుతుంది. నిశ్శబ్దం, ఉన్నట్టుండి చప్పట్లు, మళ్లీ నిశ్శబ్దం, ఆ మధ్యలో అర్థమయ్యే కామెంటరీ, ఇదే చదువును చెడగొడుతుంది.

మామయ్య అన్ని గంటలు కాళ్లు వేలాడేసుకుని కూర్చోవడం కూడా ఆయనకు మంచిది కాదు, పాదాలు వాస్తాయి. సెట్‌లో మొదటి గేమ్ తర్వాత ఆటగాళ్లు కూర్చోరు. మూడో గేమ్ నుంచి ప్రతి బేసి గేమ్‌కూ 90 సెకన్లు కూర్చుంటారు. వాళ్లు కూర్చున్నప్పుడు ఆయన లేచి నిలబడాలి, సెట్ ముగిసినప్పుడు గేటు దాకా నడిచి రావాలి. రాత్రి మాత్రలు, భోజనం ఎనిమిదింటికే, మ్యాచ్ ఏ స్థితిలో ఉన్నా సరే.

బోనాల గొడవ ఈసారి లేదు. పోయినేడు, అంటే 2025లో, ఉజ్జయిని మహంకాళి బోనాలూ పురుషుల ఫైనలూ జూలై 13నే పడ్డాయి. ఈ ఏడు అధిక జ్యేష్ఠం వచ్చి ఆషాఢం వెనక్కి జరిగింది. జూలై 12న ఫైనల్ అయిపోయాకే బోనాలు. సింగిల్స్ ఫైనల్స్‌ను పోయినేటి నుంచి మన రాత్రి ఎనిమిదిన్నరకు మార్చారు. ఆదివారం ఫైనల్ అయిదు సెట్లకు పోతే ఒంటిగంట దాటొచ్చు, మర్నాడు బడి. అమ్మాయికి మొదటి సెట్ వరకు చూడమని చెప్పండి. మామయ్యకు ఆ ఒక్క రాత్రి సెట్ లెక్క వద్దు, ఏడాదికి ఒక్కసారి వచ్చే ఫైనల్ ఆయన్ని పూర్తిగా చూడనివ్వండి.

ఇప్పుడు మీ సంగతి. మామయ్యకు మీ ఇష్టం తెలియదు. ఇంట్లో తనొక్కడికే ఈ పిచ్చి అనుకుంటున్నారు, అందుకే ఎవరు హాల్లోకి వచ్చినా టీవీ ఆపమంటారేమోనని రిమోట్ గట్టిగా పట్టుకుంటున్నారు. మీరే చెప్పాలి, మీ ఆయన ద్వారా కాదు. ఆయన నోట వెళ్తే అది "మీ కోడలు టీవీ గురించి ఏదో అంటోంది"గా మారిపోతుంది. టోర్నీ మొదలుకాకముందే, పొద్దున పేపర్ చదువుతున్నప్పుడు వెళ్లి కూర్చోండి. "మామయ్యా, సానియా హైదరాబాద్‌లో గెలిచిన రోజు నేను మా నాన్నతో అక్కడే ఉన్నా" అని మొదలుపెట్టండి. ఓ భారత మహిళ డబ్ల్యూటీఏ (మహిళల టెన్నిస్ సంఘం) సింగిల్స్ టైటిల్ గెలవడం అదే మొదటిసారి. టెన్నిస్ చూసేవాడెవడూ ఆ మాట విని పేపర్లో తల దూర్చడు. ఆయన అడుగుతారు, మీరు నాన్న గురించి చెప్పండి. చెప్తుంటే ఏడుపొస్తే రానివ్వండి. ఆ చప్పుడు మీకు అంత గట్టిగా తగలడానికి, మీరు నాన్న పక్కన కూర్చుని విన్న చప్పుడు అదే కావడం కూడా ఒక కారణం. ఆ రోజే సౌండ్ గురించీ సీరియల్ గురించీ ఎత్తకండి. ఫ్రిజ్ కాగితం సంగతి రెండు రోజులు ఆగి చెప్పండి.

ఆ కాగితం మీద మీ పేరుతో కనీసం మూడు మ్యాచ్‌లు ఉండాలి. ఉల్లిపాయలు తరుగుతూ తొంగిచూడటం లెక్కలోకి రాదు. మొదటిది జూలై 9 గురువారం, మహిళల సెమీఫైనల్ పెట్టుకోండి, మన సాయంత్రం ఆరింటికి. ఆ రోజు పప్పు, చారు మధ్యాహ్నమే చేసి మూత పెట్టండి. రాత్రికి అన్నం మీ ఆయన కుక్కర్లో పెడతారని ముందు రోజే ఆయనతో అనిపించుకోండి. మొదటి సెట్ మధ్యలో ఎవరో ఒకరు "ఛాయ్ ఉందా" అని అడుగుతారు, ఇల్లన్నాక తప్పదు. అయిదున్నరకే ఛాయ్ పెట్టి ఫ్లాస్కులో పోసి టీపాయ్ మీద పెట్టుకుని కూర్చోండి, మామయ్య పక్కన, టీవీ ఎదురుగా.