మంటలు మాత్రమే చాలవు: భారీ యాక్షన్ సినిమాలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: కోట్లు గుమ్మరించి తీసిన ఒక యాక్షన్ సినిమాను ఇంటిల్లిపాదీ చూసి ఎంతో ఆనందించాం. మర్నాడు సమీక్షలు తిరగేస్తే ‘తలాతోకా లేని కథ’ అనీ, ‘చెవులు చిల్లులు పడే గోల’ అనీ తిట్టిపోశారు. జనానికి నచ్చినదాన్ని విమర్శకులు ఎందుకింత ఈసడిస్తారు? సరదా అంటేనే వాళ్లకు గిట్టదా?

జవాబు: మీకు కలిగిన ఆనందం నిజమైనదే; దానికి ఎవరి ఆమోదముద్రా అక్కరలేదు. కానీ విమర్శకులకు సరదా గిట్టదన్న మాటను నేను ఒప్పుకోలేను. 1998లో వచ్చిన ‘ఆర్మగెడాన్’ను తీసుకోండి. భూమిని ఢీకొట్టబోతున్న గ్రహశకలాన్ని తొలిచి, లోపల అణుబాంబు పెట్టి పేల్చడానికి చమురు బావులు తవ్వేవాళ్లను అంతరిక్షంలోకి పంపడం దాని కథ. అమెరికన్ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ దానికి ఒకే ఒక్క నక్షత్రం ఇచ్చారు. ఆ ఏడాది విడుదలైన చిత్రాలలో ప్రపంచవ్యాప్తంగా అత్యధిక వసూళ్లు దానివే. మేలైన చిత్రాలను ఏరి, శ్రద్ధగా వీడియో రూపంలో తెస్తుందని పేరున్న క్రైటీరియన్ సంస్థ మరుసటి ఏడాదే దాన్ని తన వరుసలో చేర్చుకుంది. సినిమాను ప్రాణంగా ప్రేమించేవాళ్లలోనే ఇంత భేదం ఉన్నప్పుడు, విమర్శకులందరినీ ఒక గాటన కట్టడం న్యాయం కాదు.

తెరపై జరిగే పేలుడును ఒకసారి జాగ్రత్తగా గమనించండి. నిజజీవితంలో కిలోమీటరు దూరంలో ఏదైనా పేలితే వెలుగు వెంటనే కనిపిస్తుంది, చప్పుడు చెవిని చేరడానికి మాత్రం దాదాపు 3 సెకన్లు పడుతుంది. సినిమాలో రెండూ ఒక్కసారే వస్తాయి. ఆకాశానికి ఎగసే ఆ నారింజరంగు మంటల ముద్ద కూడా చాలాసార్లు పెట్రోలు మండించి రప్పించినదే. అసలైన పేలుడు పదార్థం ఒక మెరుపు మెరిసి, దుమ్మూ పొగా మిగిల్చి ఊరుకుంటుంది. ఈ అబద్ధాల మీద ఏ విమర్శకుడూ కత్తి కట్టడు, ఎందుకంటే అవి చూపరికి ఇష్టమైన అబద్ధాలు. అసలు ఫిర్యాదు వేరే చోట ఉంది.

వంతెన మీద ఒక వాహనం పరుగెడుతోంది, వెనక నుంచి వంతెన కూలుతూ వస్తోంది అనుకుందాం. అవతలి ఒడ్డు ఎంత దూరంలో ఉందో, కూలుతున్న అంచు ఎంత దగ్గరికి వచ్చిందో మనకు తెలిస్తేనే గుండె దడదడలాడుతుంది. అలా కాక, అర సెకను చక్రం, అర సెకను కథానాయకుడి కన్ను, అర సెకను మంట చూపించి, కెమెరాను అడ్డదిడ్డంగా ఊపితే, అక్కడ ఏదో జరుగుతోందని తెలుస్తుంది గాని ఏం జరుగుతోందో తెలియదు. అన్ని కోట్లు పోసి, ఎందరో స్టంట్ కళాకారులు ఒళ్లు పణంగా పెట్టి చేసిన పని ఆ గందరగోళంలో కలిసిపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. జార్జ్ మిల్లర్ 2015లో తీసిన ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’లో షాట్లు అంతకంటే తీరిగ్గా ఏమీ సాగవు, అయినా ప్రతి షాట్‌లోనూ ముఖ్యమైనదాన్ని తెర నడిమధ్యనే ఉంచడం వల్ల కన్ను వెతుక్కోవలసిన అవసరం రాదు. సినిమా అంతా దాదాపు ఒకే వెంటాట, కథ ఒక్క వాక్యంలో చెప్పేయవచ్చు. విమర్శకులు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు, దానికి ఎడిటింగ్‌తో కలిపి 6 ఆస్కార్లు వచ్చాయి.

విమర్శకులూ పొరపడతారు. 1988లో ‘డై హార్డ్’ వచ్చినప్పుడు ఈబర్ట్ దానికి రెండు నక్షత్రాలే ఇచ్చి, అందులోని ఒక పోలీసు అధికారి పాత్ర మరీ తెలివితక్కువగా ఉందని గట్టిగా తప్పుపట్టారు. అదే చిత్రాన్ని 2017లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో భద్రపరచదగినదిగా చేర్చారు. కథలోని చిల్లులు లెక్కపెట్టడంలో పడి, దృశ్యం ఎంత నేర్పుగా నడిచిందో చూడకపోవడం సమీక్షకులకు తరచుగా పట్టుకునే జబ్బు.

ప్రశ్న: విమర్శకుల సమీక్షలను ఒకచోట పోగుచేసే వెబ్‌సైటు రాటెన్ టొమాటోస్‌లో ఒక సినిమాకు 60 శాతం అని ఉంటే, అది నూటికి అరవై మార్కులు వచ్చినట్టేనా?

జవాబు: కాదు. అది మెచ్చుకున్న సమీక్షలు నూటికి ఎన్ని ఉన్నాయో చెప్పే అంకె మాత్రమే. పది మంది సమీక్షకులు ‘పరవాలేదు, చూడవచ్చు’ అని ఊరుకుంటే ఆ సినిమాకు 100 శాతం వస్తుంది. ఆరుగురు ‘అద్భుతం’ అని ఊగిపోయి, నలుగురు మండిపడితే 60 శాతమే వస్తుంది. భారీ యాక్షన్ సినిమాలు తరచుగా ఈ రెండో రకానికి చెందుతాయి కనుక, ఆ అంకె చూసి వాటిని తోసిపుచ్చడం తొందరపాటు.

ప్రశ్న: నేనూ సమీక్షలు రాయాలనుకుంటున్నాను. ఇలాంటి సినిమా నచ్చిందని రాస్తే చదివినవాళ్లు చులకనగా చూస్తారేమోనని వెనకాడుతున్నాను. ఎలా రాయమంటారు?

జవాబు: వెనకాడకండి. ‘బుర్ర ఇంటి దగ్గర వదిలి వెళ్లి చూడండి’ అన్న వాక్యాన్ని మాత్రం దయచేసి రాయకండి. అది సినిమాకూ గౌరవం కాదు, చూసినవాళ్లకూ కాదు. మీకు బాగా నచ్చిన ఒకే ఒక్క పోరాట దృశ్యాన్ని ఎంచుకుని, ఎవరు ఎక్కడ నిలబడ్డారో, దెబ్బ ఎటు నుంచి వచ్చిందో, మీరు ఏ క్షణంలో కుర్చీ అంచుకు జరిగారో వరుసగా రాయండి. ఆ వరుస మీకు గుర్తు రాకపోతే, సినిమాను మళ్లీ ఒకసారి చూసి, అది మీ మరపు వల్లో, ఎడిటింగ్ లోపం వల్లో తేల్చుకున్నాకే సమీక్ష మొదలుపెట్టండి.