చిన్నమ్మలూ, బ్రోకర్‌ని తీసేసే ముందు

చిన్నమ్మలూ,

నీ వాట్సాప్ మెసేజ్ మీ అత్త చదివి వినిపించింది. హైదరాబాద్ ఉద్యోగం మానేసి, మన ఉద్దానం జీడిపప్పు నేరుగా ఇళ్ళకు అమ్ముతానన్నావు. అమ్ము, నేను వద్దనను. కానీ "మధ్యలో వాడు తినేస్తున్నాడు మామయ్యా" అని మూడుసార్లు రాశావు చూడు, నేను అక్కడ ఆగిపోయాను. తింటున్నాడు, నిజమే. దేనికి తింటున్నాడో తెలుసుకోకుండా వాణ్ణి తీసేస్తే వాడి పనంతా నీ నెత్తినే పడుతుంది.

మార్చిలో జీడి పిక్కలు (తొక్క తీయని గింజలు) రాలే రోజుల్లో ఒకసారి వచ్చి చూడు. మన బ్రోకర్ బస్తా మూతి విప్పి పైన ఉన్నవి చూడడు. మోచేతి దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి గుప్పెడు తీస్తాడు. రెండు పిక్కలు చెవి దగ్గర ఆడిస్తాడు, ఎండాయో లేదో ఆ చప్పుడే చెబుతుంది. నాలుగు కోసి పప్పు చూస్తాడు. తర్వాత ఒకటే మాట: "దీనికి ఇరవై కేజీలు దిగదు బావా." 80 కేజీల బస్తాకు 20 కేజీలు, కాస్త అటూ ఇటూగా, పప్పు దిగాలి. వాడి అంచనా తప్పితే నష్టం వాడిదే. నువ్వు కొన్నప్పుడు తప్పితే నీది. ఈ చూపు నీకు ఒక్క సీజన్‌లో రాదు. అందుకే మొదటి ఏడాది వాడి వెనకే తిరుగు, పైసా పెట్టకు. వాడేమీ అనుకోడు, కబుర్లు చెప్పేవాళ్ళు దొరికితే చాలు వాడికి.

అసలు సంగతి అప్పు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నీకు గుర్తుండే ఉంటుంది, తెల్లారేసరికి తోటలో నిలబడ్డ చెట్టు లేదు. కొబ్బరి పోయింది, జీడి పోయింది. కొత్త జీడి మొక్క కాపుకొచ్చేసరికే మూడు నాలుగేళ్ళు. ఆ వారంలో నా చేతిలో డబ్బు పెట్టింది బ్యాంకు కాదు, ఈ బ్రోకరే. కాగితం ముక్క కూడా అడగలేదు. వడ్డీ అనే మాటే ఎత్తలేదు, తర్వాత ధరలో కోసుకున్నాడు. ఎంత కోశాడో లెక్క వేస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది. అయినా ఆ రోజు అడిగితే ఇచ్చినవాడు వాడొక్కడే.

కాబట్టి కేజీకి పది రూపాయలు ఎక్కువిస్తానని మార్చిలో వచ్చి నిలబడితే రైతు నీకు ఇవ్వలేడు. సంక్రాంతికే బ్రోకర్ దగ్గర అడ్వాన్స్ తీసుకుని ఉంటాడు. అడ్వాన్స్ పడని వాళ్ళు ఊరికి అయిదారుగురు ఉంటారు, వాళ్ళతో మొదలుపెట్టు. డబ్బు మాత్రం ఏ రోజు సరుకుకు ఆ రోజే ఇవ్వు. "ఆర్డర్లు రాగానే ఇస్తా" అన్నావో, మరుసటి ఏడాది నీ మొహం చూడరు.

కోసేయాల్సింది కూడా ఉందిలే. ఒక వ్యాపారి దగ్గర ఏళ్ళ తరబడి బస్తాకు రెండు కేజీల తరుగు పోగొట్టుకున్నాను. దుమ్ము అనేవాడు, తేమ అనేవాడు. ఒకరోజు అనుమానమొచ్చి అదే బస్తా దారిలో బియ్యం మిల్లు కాటా మీద పెట్టించాను. తరుగు కాక, కాటాలోనే కేజీన్నర తేడా! ఆ డబ్బు ఏ పనికీ కూలి కాదు, ఒట్టి దొంగతనం. నువ్వు రైతుకు మిగల్చగలిగింది మొదట ఇదే.

నువ్వు సరుకు అమ్ముతానన్న యాప్‌ల గురించి కూడా ఒక మాట. వాళ్ళు దళారులు కారా? కమీషన్ కోస్తారు, రిటర్న్ వస్తే ఖర్చు నీ మీద వేస్తారు, డబ్బు ఎప్పుడో వేస్తారు. నా బ్రోకర్ నయం, అరుగు మీద కూర్చోబెట్టి తిట్టడానికైనా దొరుకుతాడు. 2016లో ఈ-నామ్ అని పంటలకు కేంద్రం ఆన్‌లైన్ మార్కెట్ వచ్చినప్పుడు ఇక దళారీ ఉండడన్నారు. అందులోనూ కమీషన్ ఏజెంట్లు రిజిస్టర్ చేసుకోవచ్చు.

ఆఫ్రికా పిక్కలు విశాఖ ఓడరేవులో దిగితే పలాసలో ధర కదులుతుంది, ఆ కబురు రోజూ కనుక్కుంటూ ఉండు. జీఎస్టీ పెట్టుకున్నాక రైతు దగ్గర పిక్కలు కొంటే పన్ను కట్టాల్సింది కొన్న నువ్వే, రైతు కాదు. మంచి ఆడిటర్‌ను చూసుకో. గుళ్ళు (విడిపోని నిండు పప్పులు), బద్దలు కలిపి ప్యాక్ చెయ్యకు. ప్యాకెట్ మీద గ్రేడు 320 అని రాస్తే పౌండుకు, అంటే దాదాపు 454 గ్రాములకు, 320 గుళ్ళకు మించకూడదు, లెక్కపెట్టేవాళ్ళు ఉంటారు.

వచ్చేటప్పుడు వంద కేజీలు తూగే డిజిటల్ కాటా ఒకటి తీసుకురా. ఇక్కడున్నది ఆ వ్యాపారి పాతది, సగం ధరకిస్తే నేనే కొన్నాను. మీ అత్త ఇంకా నవ్వుతూనే ఉంది.

మీ మామయ్య