నువ్వు కొట్టేసిన వాక్యం గురించి

అమ్మాయీ,

మీ అమ్మ గురించి రాసి నువ్వు పంపిన పన్నెండు పేజీలూ రాత్రే చదివాను, పొద్దున లేచి మళ్లీ చదివాను. అమ్మ పోయి నాలుగు నెలలు కూడా కాలేదు, ఈమాత్రం రాయగలిగావంటేనే గొప్ప. కానీ నువ్వు అడిగింది పొగడమని కాదు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను. ఇందులో త్యాగమూర్తి ఉంది, అన్నపూర్ణ ఉంది, ఓర్పులో భూదేవి ఉంది. కర్నూలు పాతబస్తీలో ముప్పై ఏళ్లు ఉగ్గాని బజ్జీ కొట్టు నడిపిన మనిషి మాత్రం నాకు కనిపించలేదు.

ఈ తప్పు నేనూ చేశాను. మా అమ్మ ఆదోనిలో రవికెలు కుట్టి మా ముగ్గుర్నీ చదివించింది. ఆమె పోయినప్పుడు నేను రాసింది చదివి మా చెల్లెలు, "అంతా బాగుందిన్నా, అమ్మ మెడలో టేపు ఏది?" అంది. పడుకునేటప్పుడు తప్ప ఆ టేపు ఆమె మెడలోంచి దిగిందే లేదు. అది రాయాలని నాకు తట్టలేదు. ఇప్పటికీ బాధే.

మీ కొట్టు ముందు నేనూ నిల్చున్నాను. బొరుగులు ఒక్క నిమిషం ఎక్కువ నానితే ముద్దయిపోతాయి, సరిగ్గా పిండకపోతే నీళ్లూరతాయి. మీ అమ్మ వాటిని ముంచి, రెండు చేతుల్తో పిండి, పసుపులో వేగిన ఎర్రగడ్డల మీద వేసి, ఆఖర్న పప్పుల పొడి చల్లి కలిపేలోపు, ఎదురుగా ఉన్న ఐదుగురి పాత బాకీలు పుస్తకం చూడకుండా వరసగా చెప్పేసేది. అది ఏ పేజీలోనూ లేదేం?

"కష్టపడి వ్యాపారం చేసింది" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అప్పు నూటికి ఎంత వడ్డీకి తెచ్చింది? డ్వాక్రా లోను మొదటిసారి వచ్చినప్పుడు దేనికి వాడింది? ఎర్రగడ్డల ధర మండిపోయిన రోజుల్లో ప్లేటు ధర పెంచిందా, లేక ఎర్రగడ్డలు తగ్గించిందా? బొరుగుల బట్టీ ఆయన్ని అడుగు, సంఘంలో వాళ్లను అడుగు, మిరపకాయలు కోసే అక్కను తప్పకుండా అడుగు. వాళ్లకు తెలిసిన మీ అమ్మ వేరు, ఇంట్లో నువ్వు చూసిన అమ్మ వేరు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడ్డ సంగతికి రెండు పేజీలు ఇచ్చావు. అది కర్నూలులో అందరికీ తెలిసిందే. నీళ్లు తీశాక బురదలోంచి మీ అమ్మ ముందు బయటికి తీసింది బాకీల పుస్తకం, దాన్ని మిద్దె మీద ఎండేసి ఒక్కో పేజీ విడదీస్తూ కూచుందని ఒకే ఒక వాక్యం రాశావు చూడు, ఆ రెండు పేజీలూ దానికి ఇవ్వు. బాకీలన్నీ నోటికి వచ్చిన మనిషి ఆ పుస్తకం ఎందుకు ఎండేసినట్టు? పేర్లు చెరిగిపోయినవాళ్లలో ఎవరు తమంతట తాము వచ్చి కట్టారు?

ఇక ఏడో పేజీ. జుట్టుకు బజ్జీల నూనె వాసన పట్టిందని కాలేజీకి బయల్దేరుతూ అమ్మ మీద అరిచానని రాసి, అడ్డంగా కొట్టేశావు. నాకు చదవడానికి వచ్చింది. నలుగురూ ఏమనుకుంటారోనని టెన్షన్ పడకు, దాన్ని ఉంచు. ఆ పూట ఆమె ఏమంది? ఏమీ అనకపోతే చేతుల్లో ఏం పని ఉంది?

కొట్టు ఇప్పుడు మీ తమ్ముడు తీస్తున్నాడన్నావు. ఆదివారం పొద్దున ఏడింటికల్లా అక్కడ ఉంటాను. ఆ బాకీల పుస్తకం తీసుకురా.