మైదానం సందేహాలు: కొత్త లైన్‌బ్యాకర్ రాణించడం ఎవరి చేతిలో ఉంది?

ప్రశ్న: అమెరికన్ ఫుట్‌బాల్ పోటీ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో) మొదట్లోనే ఎంపికైన లైన్‌బ్యాకర్లలో, అంటే డిఫెన్స్ ముందువరుస వెనక నిలబడి ప్రత్యర్థిని అడ్డుకునేవారిలో, కొందరు తొలి ఏడాదే అవార్డులు అందుకుంటారు. అంతే పేరుతో వచ్చిన మరికొందరు బెంచీకే పరిమితమవుతారు. తేడా ఆటగాడిలో ఉందా, జట్టు పద్ధతిలో ఉందా?

జవాబు: రెండింటిలోనూ ఉంది. అయితే తొలి ఏడాది మటుకు జట్టు పద్ధతి వాటాయే ఎక్కువని నా అభిప్రాయం. బంతి విసిరి దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ విషయంలో ఈ మాటను దాదాపు అందరూ ఒప్పుకుంటారు. లైన్‌బ్యాకర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం టాకిల్స్ (బంతితో పరుగెత్తేవాడిని పట్టి పడేయడం) లెక్క చూసి తీర్పు చెప్పేస్తారు.

ముందుగా అతడి ఎదుట నిలబడేవారిని గమనించండి. ప్రత్యర్థి బంతితో మధ్యలోంచి పరుగు తీయాలనుకున్నప్పుడు, వారి ముందువరుసలోని సెంటర్, గార్డ్ కలిసి మన ముందువరుస మధ్యలో నిలిచే నోస్ టాకిల్‌ను నెడతారు. అతడు కాస్త వెనక్కి తగ్గగానే ఇద్దరిలో ఒకరు అతడిని వదిలిపెట్టి, నాలుగైదు గజాల వెనక ఉన్న లైన్‌బ్యాకర్ మీదికి వస్తారు. నోస్ టాకిల్ ఆ ఇద్దరినీ తన దగ్గరే కట్టిపడేయగలిగితే, లైన్‌బ్యాకర్‌కు బంతి దాకా దారి తెరుచుకుంటుంది. లేకపోతే 230 పౌండ్ల కుర్రవాడు 310 పౌండ్ల గార్డ్‌ను వదిలించుకోవడానికే ఒకటి రెండు క్షణాలు పోగొట్టుకుంటాడు. టీవీ ముందున్న మనకు అతడు ఆలస్యంగా చేరుకోవడం ఒక్కటే కనిపిస్తుంది. అప్పటికే ఆరితేరిన లైన్‌బ్యాకర్ రే లూయిస్‌కు కూడా 2000 సీజన్‌లో బాల్టిమోర్ రేవెన్స్ జట్టు టోనీ సిరగూసా, శామ్ ఆడమ్స్ వంటి భారీకాయులను ముందు నిలబెట్టింది. అలాంటప్పుడు కొత్తవాడికి ఆ అండ ఎంత అవసరమో వేరే చెప్పాలా?

రెండోది, అతడికి అప్పగించే పని. 2018లో ఇండియానాపోలిస్ కోల్ట్స్ 36వ ఎంపికగా తీసుకున్న డేరియస్ లెనార్డ్ చిన్న కళాశాల నుంచి వచ్చినవాడు. డిఫెన్స్‌ను చూసుకునే కోచ్, అంటే కోఆర్డినేటర్, మ్యాట్ ఎబర్‌ఫ్లస్ నడిపిన పద్ధతిలో ముందువరుసలో ఒక్కొక్కరికి ఒక్కో గ్యాప్ (ఆటగాళ్ల మధ్య ఉండే సందు), వెనక ఎక్కువగా జోన్ కాపలా (మనిషిని కాక మైదానంలో ఒక భాగాన్ని కాయడం) ఉండేవి. చూసి పరుగెత్తి పట్టుకోవడమే బలంగా ఉన్న ఆటగాడికి అంతకంటే అనువైన చోటు దొరకదు. ఆ ఏడాది 163 టాకిల్స్‌తో అతడు లీగ్‌లోనే మొదటివాడయ్యాడు.

దీనికి భిన్నమైనది ఐజయా సిమ్మన్స్ కథ. క్లెమ్సన్ విశ్వవిద్యాలయంలో, వెనక కాపలా కాసే సేఫ్టీగా, కార్నర్‌గా, లైన్‌బ్యాకర్‌గా అన్ని చోట్లా ఆడి మెప్పించిన అతడిని అరిజోనా కార్డినల్స్ 2020లో 8వ ఎంపికగా తీసుకుంది. మహమ్మారి కారణంగా ఆ ఏడాది వసంతకాలపు శిబిరాలు, ప్రీసీజన్ మ్యాచ్‌లు రద్దయ్యాయి. తొలి సీజన్‌లో అతడికి జట్టు డిఫెన్స్ స్నాప్‌లలో (బంతి కదిలిన ప్రతి ఆటనూ ఒక స్నాప్ అంటారు) సగం కూడా దక్కలేదు. చివరికి 2023 ఆగస్టులో ఏడో రౌండ్ ఎంపికకు బదులుగా అతడిని న్యూయార్క్ జెయింట్స్‌కు ఇచ్చేశారు. ఎక్కడైనా ఆడగలడనే ప్రశంసే, అతడికి ఏదో ఒక చోటు స్థిరపడకుండా చేసిందని నాకు అనిపిస్తుంది.

డాలస్ కౌబాయ్స్ మైకా పార్సన్స్ విషయంలో చేసింది ఇంకో రకం. 2021లో 12వ ఎంపికగా, లైన్‌బ్యాకర్‌గా వచ్చిన అతడిని, తొలి మ్యాచ్ తర్వాత ముందువరుస అంచున ఆడే డిమార్కస్ లారెన్స్ పాదం విరగడంతో కోఆర్డినేటర్ డాన్ క్విన్ లైన్ అంచుకు మార్చి క్వార్టర్‌బ్యాక్ మీదికి వదిలాడు. ఫలితంగా 13 శాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడేయడం), డిఫెన్స్‌లో ఆ ఏటి మేటి కొత్త ఆటగాడికిచ్చే డిఫెన్సివ్ రూకీ ఆఫ్ ది ఇయర్ పురస్కారం దక్కాయి. గాయం వల్ల వచ్చిన మార్పే అయినా, దాన్ని అవకాశంగా మలిచిన నేర్పు కోచ్‌దే.

అంకెల మాయ ఇంకొకటి ఉంది. 2007లో ప్యాట్రిక్ విల్లిస్ 174 టాకిల్స్‌తో లీగ్‌లో ముందు నిలిచినప్పుడు, అతడి శాన్‌ఫ్రాన్సిస్కో 49ర్స్ గెలిచింది 5 మ్యాచ్‌లే. తమ అఫెన్స్ (దాడి విభాగం) బంతిని నిలబెట్టుకోలేని జట్టులో డిఫెన్స్ ఎక్కువసేపు మైదానంలోనే ఉంటుంది, టాకిల్స్ కూడా పెరుగుతాయి. విల్లిస్ గొప్ప ఆటగాడనడంలో సందేహం లేదు కానీ, మరో జట్టులోని కొత్తవాడికి 90 టాకిల్సే వచ్చాయని అతడిని తక్కువ చేయడం సరికాదు.

ప్రశ్న: కొత్తవాడి హెల్మెట్‌కు ఆకుపచ్చ చుక్క ఇవ్వడం తొందరపాటు కాదా?

జవాబు: తెలియని పాఠకుల కోసం చెబుతున్నాను: 2008 నుంచి డిఫెన్స్‌లో ఒక ఆటగాడి హెల్మెట్‌లో రేడియో అనుమతిస్తున్నారు, ఆ హెల్మెట్‌కు గుర్తే ఆ చుక్క. ప్లే క్లాక్‌లో (తర్వాతి ఆట మొదలుపెట్టడానికి ఇచ్చే గడువులో) 15 సెకన్లు మిగలగానే కోచ్ గొంతు ఆగిపోతుంది. ఆ తర్వాత ప్రత్యర్థి తన వరుస మార్చితే, లైన్‌ను ఎటు జరపాలో, ఎవరు ఎవరిని కాయాలో ఆ ఆటగాడే అరిచి చెప్పాలి. కొందరికి ఇది మొదటి నుంచే అబ్బుతుంది. 2012లో కరోలైనా పాంథర్స్ లైన్‌బ్యాకర్ ల్యూక్ కీక్లీని మొదట పక్క స్థానంలో ఆడించి, మధ్యలో ఆడే జాన్ బీసన్ గాయపడ్డాక మధ్యకు మార్చింది. అక్కడి నుంచి డిఫెన్స్‌ను నడిపిస్తూ 164 టాకిల్స్‌తో లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. కానీ కీక్లీలు ఏటా దొరకరు. జట్టులో అనుభవమున్న సేఫ్టీ గానీ, మరో లైన్‌బ్యాకర్ గానీ ఉంటే, కనీసం మొదటి కొన్ని వారాలు చుక్కను వారి దగ్గరే ఉంచి, కొత్తవాడికి తన గ్యాప్, తన జోన్ మాత్రమే చూసుకోమని చెప్పే కోచ్‌నే నేను సమర్థిస్తాను.