ఏడో గ్రేడ్ పిల్లలు సరే, వేసవి జీతం మాటేమిటి?

అమ్మా, జె-1 వీసా (మార్పిడి కార్యక్రమాల కింద కొన్నేళ్లకే ఇచ్చేది) మీద అమెరికా వస్తున్నారనీ, ఏడో గ్రేడ్‌కి లెక్కలు చెప్పాలనీ, క్లాసులో అన్ని దేశాల పిల్లలూ ఉంటారని విని టెన్షన్‌గా ఉందనీ రాశారు. పిల్లల సంగతి చెబుతాను. జీతం గురించి ఒక్క ముక్కా అడగలేదు, అదీ చెబుతాను.

వచ్చిన కొత్తలో నాకూ ధీమా ఎక్కువే. మన దగ్గర ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినదాన్ని, ఇక్కడ కొత్తగా ఏముంటుందిలే అనుకున్నాను. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఒక పాప దశాంశ బిందువు ఉండాల్సిన చోట కామా పెట్టేది. భాగహారంలో భాజకాన్ని కుడివైపు రాసేది. మధ్యలో తీసివేతలే కనిపించేవి కావు. పక్క పేపర్లో చూసి రాసిందనుకుని సున్నా వేశాను. ఆ పిల్ల కిక్కురుమనలేదు. తీరా కనుక్కుంటే వాళ్లకు నేర్పిన పద్ధతే అది, తీసివేతలు మనసులో చేసేస్తారు. ఆ రోజుల్లోనే నేను బోర్డు మీద లక్షను 1,00,000 అని రాస్తే, కామా తప్పని క్లాసంతా గోల చేసింది. నా కామాకు మాత్రం నాకు తెగ పౌరుషం వచ్చింది!

ఇప్పుడు బడి తెరవగానే అందరికీ ఒకే భాగహారం ఇచ్చి, ఎవరికొచ్చిన పద్ధతిలో వాళ్లను బోర్డు మీద చేయమంటాను. ఇంగ్లిషు రాక మూలన కూర్చునే పిల్లలు కూడా లేచి వస్తారు. మీరూ చేసి చూడండి.

మన అలవాటు కొద్దీ ఒకసారి మార్కులు పైకి చదివేశాను కూడా. ప్రిన్సిపాల్ మెత్తగానే చెప్పారు గానీ, నాకు తల కొట్టేసినట్టయింది. మార్కుల గోప్యతకు 1974 నాటి ఫెర్పా చట్టం ఉంది. తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు పిల్లాడినే దుబాసీగా పెట్టకండి, బడిని అడిగితే మనిషిని చూస్తారు. ఎవరి వీసా కాగితాల ఊసూ ఎత్తకండి. మిగతావి హ్యాండ్‌బుక్‌లో ఉంటాయి, చదువుకున్నవాళ్లే కదా.

ఇక అసలు విషయం. చాలా స్కూల్ డిస్ట్రిక్టుల్లో, అంటే ఒక ప్రాంతంలోని బడులను నడిపే సంస్థల్లో, టీచరు పని దాదాపు పది నెలలే. ఆ జీతం పది నెలల్లోనే ఇచ్చేస్తారా, పన్నెండు నెలలకు సర్దుతారా? నేను అడగలేదు. వేసవిలో జీతం ఆగింది, అద్దె ఆగలేదు, ఇంటి దగ్గర అప్పు వడ్డీ అసలే ఆగదు. దానికి తోడు, ఏమీ లేకుండా వచ్చే పిల్లలను చూసి మనసాగక ఏడాదంతా కాలిక్యులేటర్లు, నోటుబుక్కులు నా డబ్బుతోనే కొన్నాను. పిల్లల అవసరాలు చూసే బడి కౌన్సెలర్‌తో ఒక మాట చెప్పి ఉంటే ఆవిడే ఇప్పించేది. మీరు ముందు ఆవిడ గది ఎక్కడుందో కనుక్కోండి. తప్పక కొంటే రసీదులు దాచండి, పన్నులో కొంత తగ్గింపు దొరకొచ్చు.

ఈ వీసా మూడేళ్లకే, మహా అయితే ఇంకో ఒకటి రెండేళ్లు పొడిగిస్తారు. చేసిన అప్పు ఆ లోపే తీరాలి. అప్పట్లో అడగడానికి మనిషి లేక నా తిప్పలు నేనే పడి నెట్టుకొచ్చాను, మీకు అన్నీ ఫోన్‌లోనే దొరుకుతున్నాయి. విమానం ఎక్కేలోపు పేరోల్ వాళ్లకు ఈమెయిల్ పెట్టి, వేసవి జీతం సంగతి రాతపూర్వకంగా తీసుకోండి.