ఐటీఐ టర్నర్ చదివి బటన్ నొక్కుతున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఐటీఐ టర్నర్ పాసయ్యాడు. ఏడాదిన్నరగా జీడిమెట్లలో ఒక చిన్న ఫ్యాక్టరీలో సీఎన్‌సీ లేత్ (కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే, లోహాన్ని తిప్పుతూ కోసే మెషిన్) మీద పని చేస్తున్నాడు. జాబ్ (కోయాల్సిన ముక్క) బిగించడం, బటన్ నొక్కడం, అయ్యాక తీయడం. ఇంతకు మించి ఏమీ నేర్పడం లేదంటాడు. మానేసి మూడు నెలల సీఎన్‌సీ ప్రోగ్రామింగ్ కోర్సు చేస్తానంటున్నాడు. ఫీజుకు అప్పు చేయాలి. వాళ్లమ్మకేమో మెషిన్‌లో వేళ్లు పోతాయేమోనని టెన్షన్. కోర్సు చేయించమంటారా, డిప్లొమాకు పంపమంటారా?
– ఒక తండ్రి, సిద్దిపేట

జవాబు: అప్పు చేయకండి. ఉద్యోగం అసలే మాన్పించకండి.

మెషిన్ షాపుల్లో ఆపరేటర్, సెట్టర్, ప్రోగ్రామర్ అని మూడు మెట్లున్నాయి. మీవాడు మొదటి మెట్టు మీదుండి మూడో దానికి దూకుదామనుకుంటున్నాడు. మధ్యలో ఉన్న సెట్టరే షాపుకు ప్రాణం. కొత్త జాబ్ వచ్చినప్పుడు టూల్స్ బిగించి, జీరో తీసి (కొలతలు ఎక్కణ్నుంచి మొదలవ్వాలో మెషిన్‌కు చెప్పి), మొదటి పీసు డ్రాయింగ్ ప్రకారం తెచ్చి ఆపరేటర్ చేతికిచ్చేది అతనే. మెషిన్ ఆగిపోతే ఓనరు ఫోన్ చేసేదీ అతనికే. మెషిన్‌కు ఆదేశాలిచ్చే జీ కోడ్‌లు, ఎమ్ కోడ్‌లు తెలివైన కుర్రాడికి కొద్ది వారాల్లో వచ్చేస్తాయి. కంప్యూటర్ ముందు కూర్చుంటే రానిది లోహం ఎలా తెగుతుందన్న సంగతి.

50 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్ రాడ్‌నే తీసుకోండి. కార్బైడ్ ఇన్సర్ట్‌తో (టూల్ కొసన బిగించే, మార్చుకోగల కోత ముక్క) నిమిషానికి 150 మీటర్ల కటింగ్ స్పీడ్ కావాలంటే, 150ని వెయ్యితో గుణించి, పై (3.14), వ్యాసం గుణించిన లబ్ధంతో భాగించాలి. దాదాపు 955 ఆర్‌పీఎం వస్తుంది. అదే రాడ్ 25 మిల్లీమీటర్లకు తగ్గితే స్పీడ్ నిలబడటానికి ఆర్‌పీఎం రెట్టింపు, అంటే 1910 కావాలి. సీఎన్‌సీలో జీ96 అన్న కోడ్ ఈ లెక్క తనే చేసుకుంటుంది. ఫేసింగ్ (రాడ్ చివరి ముఖాన్ని చదును చేయడం) చేసేటప్పుడు టూల్ మధ్యకు వచ్చేకొద్దీ జాబ్‌ను తిప్పే స్పిండిల్ చప్పుడు పెరుగుతుంది కదా, ఎందుకని మీవాణ్ని అడగండి. చెప్పగలిగితే సగం దారిలో ఉన్నాడు. మధ్యకు చేరేసరికి ఆ ఆర్‌పీఎం హద్దు దాటకుండా ఆపడానికి ప్రోగ్రామ్‌లో జీ50 లైన్ ఒకటి ఉంటుంది. వేగం మరీ పెరిగితే జాబ్‌ను పట్టుకునే చక్ దవడల పట్టు సడలి జాబ్ ఎగిరి రావచ్చు. ఏదో ఒక లైనులే అని దాన్ని తీసేసే మనిషికి ఎంత ప్రోగ్రామింగ్ వస్తే ఏం లాభం?

ఆఫ్‌సెట్ (టూల్ ఎంత లోపలికి కోయాలో సరిచేసే అంకె) సంగతి ఇంకా ముఖ్యం. డ్రాయింగ్‌లో వ్యాసం 40.00 నుంచి 39.98 మిల్లీమీటర్ల మధ్య ఉండాలన్నారనుకోండి, మైక్రోమీటర్‌లో 40.03 వచ్చింది. ఎక్స్ వేర్ ఆఫ్‌సెట్‌లో (వ్యాసం దిశలో టూల్ అరుగుదలను సరిచేసే అంకె) మైనస్ 0.04 వేస్తే తర్వాతి పీసు 39.99కి వస్తుంది. ఇంతవరకు చాలామంది చేస్తారు. ఇన్సర్ట్ అరుగుతున్న కొద్దీ సైజు పెరుగుతుంటుంది, మనవాడు కొద్దికొద్దిగా మైనస్ వేసుకుంటూ పోతాడు. సాయంత్రానికి అది మైనస్ 0.12 అయిందనుకుందాం. అప్పుడు ఇన్సర్ట్ మార్చి, ఆ పాత అంకెను తీసేయకుండా సైకిల్ స్టార్ట్ నొక్కితే కొత్త అంచు 0.12 ఎక్కువ కోసేస్తుంది. సైజు ఎక్కువున్న పీసును మళ్లీ కోసుకోవచ్చు, తగ్గింది ఇక తుక్కే. షిఫ్ట్ మారే వేళ జరిగే రిజెక్షన్లలో ఈ రకం బాగా కనిపిస్తుంది. ఎవరూ అరగంట కూర్చోబెట్టి చెప్పకపోవడమే కారణం.

నేర్పితే కుర్రాళ్లు రెండు వేలు ఎక్కువిచ్చే పక్క షాపుకు పోతారని ఓనర్ల భయం. ఆ భయం ఉత్తది కాదు, పోతారు కూడా. కానీ నేర్పకపోతే ఇన్సర్ట్‌లు, మెటీరియల్ రోజూ తుక్కులోకి పోతూనే ఉంటాయి. సీఎన్‌ఎంజీ రకం ఇన్సర్ట్‌కు రెండు వైపులా కలిపి వాడుకునే మూలలు నాలుగు. ఒక వైపు రెండూ అరగ్గానే పారేసే ఆపరేటర్లు ఉన్నారు.

కాబట్టి మీవాణ్ని సూపర్‌వైజర్‌ను ఒకటే అడగమనండి: సెట్టింగ్ మారే రోజు షిఫ్ట్ అయ్యాక ఉండి, సెట్టర్‌కు చేతి సాయం చేస్తానని. ఓటీ ఇవ్వకపోయినా ఫరవాలేదు. ప్రతి జాబ్‌కూ ఒక పేజీ పెట్టుకుని మెటీరియల్, ఇన్సర్ట్ నంబర్, స్పీడ్, ఫీడ్ (టూల్ ముందుకు కదిలే వేగం), ఎన్ని పీసులకు అంచు పోయింది రాసుకోవాలి. ఆరు నెలలు అలా రాస్తే ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే ఆ నోట్‌బుక్‌కే విలువెక్కువ. ఆరు నెలల తర్వాత కూడా దగ్గరికి రానివ్వకపోతే షాపు మారమనండి. మారేటప్పుడు జీతం కన్నా ముందు సెట్టింగ్ ఇస్తారా అని అడగాలి.

వాళ్లమ్మ భయం గురించి. తిరిగే లేత్ దగ్గర చేతికి గ్లౌజులు వేసుకోకూడదు, అదే చేతిని లోపలికి లాగుతుంది. మీకిది విడ్డూరంగా అనిపించవచ్చు. పొడవాటి చిప్స్‌ను చేత్తో కాదు, మెషిన్ ఆపి హుక్‌తో తీయాలి. చక్ కీ (చక్ బిగించే తాళం) చక్‌లో వదిలి చెయ్యి తీయకూడదు. నిండు చేతుల చొక్కా గుండీలు పెట్టుకోవాలి, కళ్లద్దాలు తప్పనిసరి. సీఎన్‌సీలో తలుపు ఇంటర్‌లాక్ ఉంటుంది, అంటే తలుపు తెరిచి ఉంటే మెషిన్ నడవనివ్వని ఏర్పాటు. ప్రొడక్షన్ కోసం దాన్ని బైపాస్ చేసి నడిపే షాపైతే మాత్రం ఇవాళే మాన్పించండి, నేను పైన చెప్పింది దానికి వర్తించదు.

తర్వాత కోర్సు కావాలనిపిస్తే బాలానగర్‌లోని సీఐటీడీని చూడండి. 1968లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థ అది. పొట్టి కోర్సులూ ఉంటాయి. ప్రైవేటు సంస్థ అయితే ఫీజు కట్టే ముందు వెళ్లి మెషిన్‌కు ఎంతమంది, నిజంగా లోహం కోయిస్తారా, సిమ్యులేటర్‌తోనే సరిపెడతారా, టూల్ ఆఫ్‌సెట్ మా వాడి చేత తీయిస్తారా అని అడగండి. జవాబు చెప్పకుండా ప్లేస్‌మెంట్ ఫొటోలు చూపిస్తే తిరిగి వచ్చేయండి.

మీవాడు అప్రెంటిస్‌షిప్ చేశాడా అన్నది మీరు రాయలేదు. చేయకపోతే అదీ ఆలోచించండి. 1961 అప్రెంటిస్‌ల చట్టం కింద రైల్వేలు, ప్రభుత్వ రంగ సంస్థలు టర్నర్ ట్రేడ్‌లో అప్రెంటిస్‌లను తీసుకుంటాయి. స్టైపెండ్ ఇప్పటి జీతం కంటే తక్కువ ఉండొచ్చు. కానీ చివర్లో పరీక్ష పాసైతే వచ్చే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్, రైల్వేలోనే శిక్షణ పొందితే, లెవెల్ 1 (అన్నిటికన్నా కింది స్థాయి) పోస్టుల్లో అలా కోర్సు పూర్తి చేసిన అప్రెంటిస్‌లకు ఉన్న 20 శాతం వాటా వల్ల పనికొస్తుంది. నోటిఫికేషన్‌లో వయసు నిబంధన చూసుకోండి.

డిప్లొమా మాట ఆ తర్వాత. ఐటీఐ వాళ్లు బ్రిడ్జి కోర్సు పూర్తి చేసి, ఎల్‌పీసెట్ (ఐటీఐ వాళ్ల కోసం పెట్టే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలోనే చేరవచ్చు, అంటే ఒక సంవత్సరం కలిసొస్తుంది. వాడికి లెక్కలంటే ఇష్టమైతే పంపండి. మీ ఇష్టానికైతే వద్దు.