చిప్ ముందా, రేబిస్ టీకా ముందా?

ప్రశ్న: మాది హైదరాబాద్. మూడు నెలల పిల్లికూనకు రేబిస్ టీకా వేయించాం. దాన్ని లండన్ తీసుకెళ్లాలంటే మైక్రోచిప్ తప్పనిసరా? తప్పిపోతే ఎక్కడుందో చూపిస్తుందా?

జవాబు: తప్పనిసరే. అయితే చిప్ లేకుండా వేసిన టీకా ఈ ప్రయాణానికి లెక్కలోకి రాదు. చాలామంది ఇక్కడే నెలలు పోగొట్టుకుంటారు. ముందు 15 అంకెల ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణానికి సరిపోయే) చిప్ వేయించండి. టీకా మళ్లీ ఎప్పుడు వేయాలో డాక్టర్‌ను అడగండి. అది వేశాక కనీసం 30 రోజులాగి రక్తపరీక్ష. రేబిస్‌ను ఎదుర్కొనే యాంటీబాడీలు మిల్లీలీటరుకు కనీసం 0.5 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు) ఉండాలి. రక్తం తీసిన రోజు నుంచి 3 నెలలు ఆగాకే ప్రయాణం.

చిప్ బియ్యపు గింజంత ఉంటుంది. భుజాల మధ్య చర్మం కింద సూదితో వేస్తారు, మత్తు అక్కర్లేదు. వేసే ముందు, వేశాక స్కాన్ చేయించి, టీకా పుస్తకంలోని నంబరుతో అంకె అంకె సరిచూడండి. ఒక్కోసారి చిప్ పక్కకు జరుగుతుంది. అప్పుడు భుజాలు, ఛాతీ అంతా వెతకాలి.

అందులో బ్యాటరీ లేదు కాబట్టి పిల్లి ఎక్కడుందో చూపించదు. స్కానర్ ఆనిస్తే నంబరు వస్తుంది, అంతే. ఆ చిప్ నంబరు, మీ ఫోను నంబరు పెంపుడు జంతువుల డేటాబేసులో నమోదు కాకపోతే చిప్ ఉన్నా లేనట్టే. ఇంగ్లండ్‌లో 2024 జూన్ 10 నుంచి పెంపుడు పిల్లులకు 20 వారాలు నిండేలోపు చిప్, ఈ నమోదు చట్టప్రకారం తప్పనిసరి. చిరునామా మారగానే డేటాబేసులోనూ మార్పించండి.